గిటారు దించిన చేతులు ఆ తరువాత ఏం చేశాయి?

కొన్నాళ్ళ క్రితం మేము ఒక బంధువుల ఇంటికి వెళ్ళాము. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అబ్బాయి ముఖం ముడుచుకుని మూల గదిలో కూర్చున్నాడు. విషయమేమిటంటే, తాను దాచుకున్న డబ్బుతో వాడు ఒక పాత కీబోర్డు కొనుక్కున్నాడు. తండ్రికి కోపం వచ్చి దాన్ని పాత సామాన్లవాడికి వేసేశారు. సర్దిచెప్పడానికి వచ్చిన పెద్దలంతా చుట్టూ చేరారు. వారిలో ఒకరు, మంచి మనసుతోనే, మన ఇళ్ళలో ఎన్నోసార్లు వినిపించే ఆ ఉదాహరణ చెప్పారు. "లండన్‌లో క్యాట్ స్టీవెన్స్ అని ఎంత పెద్ద గాయకుడు ఉండేవాడో తెలుసా? లక్షల రికార్డులు అమ్ముడుపోయేవి. ఇస్లాం స్వీకరించగానే గిటారు విరగ్గొట్టి పారేశాడు. అంతటివాడే వదిలేశాడు, నువ్వెంత నాయనా?"

అబ్బాయి తల ఎత్తి ఒకే ఒక్క మాట అడిగాడు. "మరి మామూ, ఆయన మళ్ళీ గిటారు ఎందుకు పట్టుకున్నారు?"

ఆ ప్రశ్నకు అక్కడున్న వారెవరూ జవాబు చెప్పలేదు. మేము కూడా చెప్పలేదు. "పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు" అని వాళ్ళ నాన్న అన్నారు, అంతటితో మాట ఆగిపోయింది. కానీ ఆ అబ్బాయి కళ్ళలో మాకు కనిపించినది ధిక్కారం కాదు, "మీరు నాకు సగమే చెప్పారు" అన్న బాధ. ఆ రాత్రంతా మమ్మల్ని అదే వెంటాడింది. అందుకే నేడు ఆ కథను మొదటి నుంచి చివరి దాకా, ఏదీ దాచకుండా, పాఠకుల ముందు పెట్టదలిచాము.

రెస్టారెంటు మేడమీద పెరిగిన పిల్లవాడు

1948 జూలై 21న లండన్ నగరంలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు స్టీవెన్ డిమిట్రి జార్జియో. తండ్రి సైప్రస్‌కు చెందిన గ్రీకు జాతీయుడు, తల్లి స్వీడన్ దేశస్థురాలు. నాటకశాలలకు పేరుపడిన షాఫ్ట్స్‌బరీ ఎవెన్యూ ప్రాంతంలో వారికి ఒక రెస్టారెంటు ఉండేది. కుటుంబమంతా దాని పైఅంతస్తులో నివసించేది. ముగ్గురు సంతానంలో ఈయనే చిన్నవాడు. తండ్రి గ్రీకు సనాతన క్రైస్తవుడు, పిల్లవాడు చదివింది క్యాథలిక్ పాఠశాల. వీధిలోకి దిగితే రాత్రింబవళ్ళు పాటలు, దీపాలు, జనం.

పద్దెనిమిదేళ్ళు నిండీ నిండకుండానే, 1966లో, క్యాట్ స్టీవెన్స్ అన్న పేరుతో ఆయన మొదటి రికార్డు వెలువడింది. 1967లో మరొక పాట బ్రిటన్ జాబితాలో రెండో స్థానానికి చేరింది. ఇరవై ఏళ్ళయినా నిండకముందే కీర్తి, ధనం, అభిమానుల కేకలు, వాటి వెంటే వచ్చే మద్యం, నిద్రలేని రాత్రులు. శరీరం ఎంతకాలం ఓర్చుకుంటుంది? క్షయవ్యాధి సోకి, కొన్ని నెలల పాటు ఆస్పత్రిలోనూ, ఆ తరువాత ఇంటివద్దనూ మంచం పట్టవలసి వచ్చింది. మృత్యువు అనేది ముసలివారి వ్యవహారం మాత్రమే కాదని ఆయనకు అప్పుడు తెలిసివచ్చింది. ధ్యానం గురించి, ఇతర మతాల గురించి చదవడం మొదలుపెట్టింది కూడా ఆ మంచం మీదనే.

అద్దం వెనుక కూర్చునేవారు

ఇక్కడ ఒక చిన్న వివరణ అవసరం. రికార్డు నిర్మాత అంటే సినిమా నిర్మాతలాగా డబ్బు పెట్టేవాడు మాత్రమే కాదు. స్టూడియోలో గాయకుడు గాజు అద్దానికి ఇటువైపు పాడుతుంటే, నిర్మాత అటువైపు కూర్చుని వింటాడు. ఏ పాట ఉండాలి, ఏ వాద్యం చేరాలి, ఏది తీసివేయాలి, ఏ గొంతు ఎంత వినిపించాలి అని తేల్చేది ఆయనే. జనానికి ముఖం కనపడదు, చప్పట్లు వినపడవు. పని మాత్రం అక్కడే జరుగుతుంది.

క్యాట్ స్టీవెన్స్ జీవితంలో ఇటువంటివారు ఇద్దరున్నారు, ఇద్దరూ ఒకప్పుడు వేదిక మీద వెలిగినవారే కావడం గమనార్హం. మొదటి నిర్మాత మైక్ హర్స్ట్. ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్స్ అనే ప్రసిద్ధ బృందంలో పాడి, ఆ తరువాత నిర్మాణం వైపు వచ్చారు. ఈయన పాటలకు భారీ వాద్యగోష్ఠి జోడించారు. పాటలు విజయవంతమయ్యాయి గానీ, ఆ హంగులలో తన గొంతు, తన మాట మునిగిపోతున్నాయని యువ గాయకుడికి అనిపించింది.

వ్యాధి నుంచి కోలుకున్నాక దొరికిన రెండో నిర్మాత పాల్ శామ్‌వెల్ స్మిత్. ఆయన యార్డ్‌బర్డ్స్ అనే బృందంలో బేస్ గిటారు వాయించేవారు. 1966లో ఆ బృందాన్ని వదిలి నిర్మాతగా మారారు. ఈయన ఏమీ పెద్దగా చేర్చలేదు. ఉన్నవాటినే తగ్గించారు. ఒక గిటారు, ఒక గొంతు, అవసరమైనంత సహకారం. 1970లో వచ్చిన 'టీ ఫర్ ద టిల్లర్‌మాన్' ఆల్బమ్, 1971లో వచ్చిన 'టీజర్ అండ్ ద ఫైర్‌క్యాట్' ఆల్బమ్ ప్రపంచమంతటా మారుమ్రోగింది ఈ నిరాడంబరత వల్లనే. తెర వెనుకకు వెళ్ళినవాడు తక్కువవాడు కాడనీ, ఎక్కువ చేర్చడం కన్నా తగినంత తగ్గించడమే కష్టమనీ ఆ యువకుడు అక్కడ నేర్చుకుని ఉండాలి. ఈ పాఠం పాతికేళ్ళ తరువాత ఆయనకు అక్కరకు వచ్చింది.

సముద్రం, సోదరుడు, ఒక గ్రంథం

1970ల మధ్యకాలంలో అమెరికాలోని మాలిబు తీరంలో ఈతకు దిగిన ఆయన దాదాపు మునిగిపోయారు. బలం ఉడిగిపోయిన ఆ క్షణంలో, తనను కాపాడితే దైవం కోసం పనిచేస్తానని మొరపెట్టుకున్నాననీ, వెనుక నుంచి వచ్చిన ఒక అల తనను ఒడ్డువైపు నెట్టిందనీ ఆయన అనేకసార్లు చెప్పారు. ఆ తరువాత జెరూసలేం వెళ్ళివచ్చిన అన్నగారు ఆయనకు దివ్య ఖుర్ఆన్ అనువాదం బహూకరించారు. అన్నగారు ముస్లిం కాదు. ఆ నగరంలో తాను చూసిన ముస్లింల ప్రశాంతత నచ్చి తెచ్చిన కానుక అది. ఎవరి చేతిమీదుగా ఎవరికి మార్గం దొరుకుతుందో మనకు తెలియదు.

ఆ గ్రంథంలో ఆయన హృదయాన్ని తాకినది హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం. సొంత అన్నలే బావిలో పడవేస్తే, సంతలో సరుకుగా అమ్ముడైన బాలుడి గాథ అది. తాను కూడా సంగీత వ్యాపారంలో ఒక సరుకుగా మారానని భావించిన గాయకుడికి ఆ కథ తన కథలాగే తోచింది. 1977 డిసెంబరు 23న లండన్‌లోని రీజెంట్స్ పార్కు మసీదులో ఆయన ఇస్లాం స్వీకరించారు. మరుసటి సంవత్సరం యూసుఫ్ ఇస్లాం అని పేరు మార్చుకున్నారు.

ఇక్కడే మన ఇళ్ళలో చెప్పుకునే కథకూ, జరిగిన దానికీ మొదటి తేడా వస్తుంది. మసీదు ఆయన్ను సంగీతం మానమని బలవంతం చేయలేదు. నీతికి విరుద్ధం కాని పాటలైతే కొనసాగించవచ్చని అక్కడి ఇమాం గారు తనతో అన్నట్లు యూసుఫ్ స్వయంగా చెప్పారు. అయినా ఆయన మనసులో సందేహం మిగిలింది. సంగీతం విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉందని తెలిసి, సందేహమున్న చోటు నుంచి తప్పుకోవడమే మంచిదని ఆయనే నిర్ణయించుకున్నారు. అంతకన్నా ముఖ్యంగా, ఆ వృత్తి చుట్టూ ఉన్న జీవితం నుంచి దూరంగా జరగాలని కోరుకున్నారు. 1979 నవంబరులో, పిల్లల సంక్షేమం కోసం ఐక్యరాజ్యసమితి బాలల నిధి ఏర్పాటు చేసిన కార్యక్రమంలో పాడి వేదిక దిగారు.

రెండో తేడా ఏమిటంటే, ఆయన గిటారు విరగ్గొట్టలేదు. 1981లో తన వాద్యాలను వేలం వేసి, వచ్చిన సొమ్మును దానధర్మాలకు ఇచ్చారు. విరగ్గొడితే చూసినవారికి ఉద్రేకం కలుగుతుంది, అమ్మి పేదలకిస్తే ఎవరో ఒకరి కడుపు నిండుతుంది. ఈ రెండింటిలో ఏది మన ధర్మానికి దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు. అయినా మనం మాత్రం విరగ్గొట్టిన కథనే ఎంచుకుని చెబుతూ వచ్చాము.

ఇల్లు అలకగానే పండుగ కాదు

వదలడం ఒక్కటే గొప్ప అయితే ఆయన కథ 1979తో ముగిసిపోవాలి. వదిలిన తరువాత ఖాళీ అయిన చేతులతో ఏం చేశారన్నదే అసలు సంగతి.

1979లోనే ఆయన వివాహం చేసుకున్నారు. ఆడబిడ్డ పుట్టింది. ఆ పాపను ఎక్కడ చదివించాలన్న ప్రశ్న నుంచి 1983లో లండన్‌లో ఇస్లామియా ప్రాథమిక పాఠశాల పుట్టింది. పాత పాటల మీద వచ్చే రాయల్టీ సొమ్ము ఆ పాఠశాలకు, ఇతర సేవలకు వెళ్ళింది. ఇతర మతాల పాఠశాలలకు ఇచ్చినట్లే తమకూ ప్రభుత్వ సహాయం కావాలని ఆయన, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి దరఖాస్తులు పెట్టారు. తిరస్కరించినప్పుడల్లా మళ్ళీ పెట్టారు. చివరకు 1998 జనవరిలో, పదిహేనో ఏట, ఆ సహాయం లభించింది. బ్రిటన్‌లో ప్రభుత్వ సహాయం పొందిన మొదటి ముస్లిం పాఠశాలలలో అది ఒకటి. ఆఫ్రికా కరువు రోజుల్లో, 1985లో ఏర్పడిన ముస్లిం ఎయిడ్ అనే సేవా సంస్థకు ఆయన తొలి అధ్యక్షుడు.

మచ్చలేని కథగా చెప్పడం కూడా సగం చెప్పడమే అవుతుంది. 1989లో సల్మాన్ రష్దీ నవల మీద వివాదం చెలరేగినప్పుడు యూసుఫ్ ఇస్లాం బహిరంగంగా చెప్పిన మాటలు, రచయితను చంపడాన్ని సమర్థించేవిగా ప్రపంచానికి వినిపించాయి. తాను హత్యకు పిలుపునివ్వలేదనీ, ధర్మశాస్త్రంలో ఏముందని అడిగితే చెప్పాననీ, కొన్ని మాటలు పరిహాసంగా అన్నవనీ ఆయన తరువాత పలుమార్లు వివరణ ఇచ్చుకున్నారు. అయినా ఆ నీడ నేటికీ పూర్తిగా తొలగలేదు. ఒక మనిషి ప్రాణం చర్చలో ఉన్నప్పుడు పరిహాసానికి చోటు లేదు. విన్నవారు భయపడ్డారంటే ఆ భయం నిజమైనదే. ఆ మాటలు రాకుండా ఉండవలసింది అన్నదే మా అభిప్రాయం. ధర్మంలో కొత్తగా అడుగుపెట్టిన మనిషిని మన సమాజం వెంటనే ప్రతినిధిగా నిలబెట్టి, అన్నిటికీ జవాబు చెప్పమని మైకు అందించింది. అందులో మన బాధ్యత కూడా లేకపోలేదు.

మళ్ళీ స్టూడియో, ఈసారి అద్దం అవతల

1990లలో మరో మార్పు వచ్చింది. ఇదే మన ఇళ్ళలో ఎవరూ చెప్పని భాగం. పాశ్చాత్య దేశాల్లో పెరుగుతున్న ముస్లిం పిల్లల చెవులకు రోజంతా వినిపించేది వేరు, వారి ధర్మం గురించి వారి భాషలో, వారికి నచ్చేలా వినిపించేది మాత్రం చాలా తక్కువ. కాదనడానికి ఎన్నో ఉన్నాయి, ఇవ్వడానికే చేతిలో ఏమీ లేదు. ఈ లోటును గుర్తించిన యూసుఫ్ ఇస్లాం తనకు తెలిసిన పనినే మళ్ళీ చేపట్టారు. అయితే ఈసారి గాయకుడిగా కాదు, నిర్మాతగా.

ఆయన స్థాపించిన సంస్థ పేరు 'మౌంటెన్ ఆఫ్ లైట్', అంటే కాంతి పర్వతం. హిరా గుహ ఉన్న మక్కా కొండకు జబల్ అన్‌నూర్ అని పేరు, దాని అర్థమూ అదే. 1995లో 'ద లైఫ్ ఆఫ్ ద లాస్ట్ ప్రాఫెట్' అనే రెండు భాగాల రికార్డు వెలువడింది. అంతిమ దైవప్రవక్త (స) జీవిత విశేషాలను ఆయన తన గొంతుతో నెమ్మదిగా చెప్పారు. మధ్యలో ఖుర్ఆన్ పారాయణం, మదీనా స్వాగతగీతంగా తరతరాలుగా ప్రసిద్ధమైన 'తలఅల్ బద్రు' ఉన్నాయి. తీగవాద్యాలు లేవు. పదహారేళ్ళ మౌనం తరువాత వచ్చిన ఆ గొంతును లోకం మళ్ళీ విన్నది. మైక్రోఫోన్ ముందు ఎంత నెమ్మదిగా మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి, ఏది తీసివేయాలి అన్న పాఠమంతా 1970 నాటి స్టూడియో నుంచి వచ్చినదే. ఒకప్పటి విద్య వృథా కాలేదు.

అప్పుడే బోస్నియాలో ముస్లింలు ఊచకోతకు గురవుతున్నారు. ఆ దేశ విదేశాంగ మంత్రి ఇర్ఫాన్ ల్యుబియాంకిచ్ వృత్తిరీత్యా వైద్యుడు, పాటలు కట్టిన మనిషి కూడా. ఆయన లండన్‌లో యూసుఫ్‌ను కలిసినప్పుడు తాను రూపొందించిన ఒక పాట క్యాసెట్టును చేతిలో పెట్టారు. 1995 మేలో ఆయన ప్రయాణిస్తున్న హెలికాప్టర్‌ను క్షిపణితో కూల్చివేశారు. ఆ క్యాసెట్టు యూసుఫ్ దగ్గర మిగిలిపోయింది. దాన్ని ఏం చేయాలి? బీరువాలో పెట్టి తాళం వేయాలా? బోస్నియా బాధితుల సహాయార్థం ఆయన ఒక ఆల్బమ్ నిర్మించారు. మంత్రి పాటే దానికి ప్రాణమైంది, ఆ పాట పేరే ఆల్బమ్ పేరు. 1997లో ఆయన సారయేవో నగరానికి వెళ్ళి, శిథిలాల మధ్య బ్రతికి బయటపడిన ప్రజల ముందు పాడారు. ఫిరంగులకు ఎదురుగా పాటలతోనే తలెత్తి నిలబడిన ఆ ప్రజలను చూశాక, సంగీతం పట్ల తన కఠిన వైఖరి సడలడానికి బోస్నియా అనుభవం కూడా ఒక కారణమని ఆయన చెప్పుకున్నారు.

2000లో చిన్నపిల్లల కోసం 'ఎ ఈజ్ ఫర్ అల్లాహ్' వచ్చింది. తన మొదటి బిడ్డ పసితనంలో అక్షరాలు నేర్పడం కోసం కట్టుకున్న పాటే దానికి మూలం. ఇంగ్లీషు పుస్తకాల్లో మొదటి అక్షరానికి ఆపిల్ పండు ఉంటే, తన పాపకు అల్లాహ్ నామంతో మొదలుపెట్టాలని ఆ తండ్రి అనుకున్నారు. దానిలో దక్షిణాఫ్రికాకు చెందిన యువ గాయకుడు జైన్ భిఖాకు ఆయన చోటిచ్చారు. ఒక నిర్మాత చేసే ఉత్తమమైన పని అదే. తనకున్న పేరును నిచ్చెనగా వేసి, కొత్త గొంతును పైకి ఎక్కించడం. నేడు అనేక దేశాల్లో ముస్లిం పిల్లలు వినే నషీద్‌ల వెనుక ఎందరో శ్రమ ఉంది. ఇంగ్లీషు భాషలో ఆ బాటను చదును చేసినవారిలో ఈయన ఒకరు.

మళ్ళీ చేతిలోకి వచ్చిన గిటారు

ఆ తరువాత ఒకనాడు కుమారుడు ఇంట్లోకి గిటారు తెచ్చుకున్నాడు. తండ్రి దాన్ని సామాన్లవాడికి వేయలేదు. ఇల్లంతా నిద్రపోతున్న వేళ ఒంటరిగా చేతిలోకి తీసుకుంటే, రెండు దశాబ్దాలు దాటినా వేళ్ళు మర్చిపోలేదని ఆయనకు తెలిసింది.

2004 సెప్టెంబరులో ఆయన లండన్ నుంచి వాషింగ్టన్ వెళ్తుండగా, నిఘా జాబితాలో పేరుందని విమానాన్ని దారి మళ్ళించి, ఆయన్ను దింపి వెనక్కు పంపారు. శాంతి గురించి పాడిన మనిషిని ప్రమాదకారి అన్నారు. అదే ఏడాది నవంబరులో రోమ్‌లో నోబెల్ శాంతి గ్రహీతల వేదిక ఆయనకు శాంతి పురస్కారం ఇచ్చింది. రెండు నెలల వ్యవధిలో ఒకే మనిషికి రెండు ముద్రలు! తనకు ఉగ్రవాదంతో సంబంధం అంటగట్టిన రెండు బ్రిటిష్ పత్రికల మీద ఆయన న్యాయమార్గంలో వెళ్ళి, 2005లో నష్టపరిహారం పొంది, దాన్ని సునామీ బాధితులకు ఇస్తామన్నారు.

2004 డిసెంబరు 26 నాటి ఆ సునామీ మన ఆంధ్ర తీరాన్ని కూడా తాకింది, మన మత్స్యకారుల ఇళ్ళలోనూ ఏడుపులు వినిపించాయి. దానివల్ల అనాథలైన ఇండోనేషియా ఆచే ప్రాంతపు పిల్లల సహాయార్థం యూసుఫ్ 2005లో 'ఇండియన్ ఓషన్' అనే పాట విడుదల చేశారు. అందులో పాలుపంచుకున్నవారిలో మన ఏ.ఆర్. రహమాన్ కూడా ఉన్నారు.

2006లో 'ఆన్ అదర్ కప్' ఆల్బమ్‌తో ఆయన బహిరంగంగా సంగీతానికి తిరిగి వచ్చారు. 2017లో 'ద లాఫింగ్ ఆపిల్', 2020లో యాభై ఏళ్ళ నాటి పాత ఆల్బమ్‌కు కొత్త రూపం, 2023లో 'కింగ్ ఆఫ్ ఎ ల్యాండ్' వచ్చాయి. ఈ మూడింటికీ అద్దం వెనుక కూర్చున్నది ఎవరనుకుంటున్నారు? 1970లో ఉన్న ఆ పాల్ శామ్‌వెల్ స్మిత్ గారే. ఇద్దరూ వృద్ధులైపోయారు, స్నేహం మాత్రం నిలిచింది.

2019 మార్చి 15, శుక్రవారం. న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్ నగరంలో జుమా వేళ రెండు మసీదుల్లో ఒక దుండగుడు కాల్పులు జరిపి 51 మందిని బలిగొన్నాడు. రెండు వారాల తరువాత జరిగిన జాతీయ సంతాప సభలో, ఆ దేశ ప్రజల ముందు, గిటారు పట్టుకుని శాంతి గీతం పాడినది ఈ యూసుఫే. అమరులైన నమాజీల కుటుంబాలను ఓదార్చే సభలో ఆ పాటకు చోటు దొరికింది. "మళ్ళీ ఎందుకు పట్టుకున్నారు?" అన్న అబ్బాయి ప్రశ్నకు మేము చెప్పగల జవాబుల్లో ఇది ఒకటి.

ఇంతకీ మనం చేయవలసినది

ఇది చదివి, "అయితే సంగీతం హలాల్ అని మీరు ఫత్వా ఇస్తున్నారా?" అని కొందరు అడగవచ్చు. లేదు. ఫత్వా ఇవ్వడం మా పని కాదు, ఆ అర్హతా మాకు లేదు. తీగవాద్యాలు, ఊదే వాద్యాలు నిషిద్ధమని చెప్పిన గొప్ప పండితులు అధిక సంఖ్యలో ఉన్నారు. వారి మాటకు ఆధారాలున్నాయి, దాన్ని పాటించేవారిని ఛాందసులని వెక్కిరించడం తప్పు. ఇమాం గజాలీ లాంటివారు షరతులతో కూడిన అనుమతి గురించి చర్చించారు, ఇబ్నె హజ్మ్ వంటివారు నిషేధపు ఆధారాలనే ప్రశ్నించారు. ఆ మాట పాటించేవారిని దారి తప్పినవారని నిందించడమూ తప్పే. యూసుఫ్ తిరిగి వచ్చినప్పుడు ఆయన్ను తప్పుబట్టిన ముస్లింలు ఉన్నారు, వెళ్ళిపోయినప్పుడు తప్పుబట్టిన అభిమానులూ ఉన్నారు. ఆయన రెండుసార్లూ తన అంతరాత్మకు జవాబు చెప్పుకుని అడుగు వేశారు.

మన తెలుగు నేలనే చూడండి. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి నాదస్వరానికి దేశం పద్మశ్రీతో నమస్కరించింది. పొన్నెకల్లు షేక్ నాజర్ గారి బుర్రకథకు ఊళ్ళకు ఊళ్ళే తరలివచ్చేవి. ఇటువంటి వారు మన కుటుంబాల్లోనే పుట్టారు. కనుక ఈ ప్రశ్న లండన్ నుంచి దిగుమతి అయినది కాదు. మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే. దీన్ని తేల్చుకోవలసినది పండితుల సమక్షంలో, నిదానంగా. పాత సామాన్ల బండి మీద కాదు.

మేము అడుగుతున్నవి మూడే విషయాలు.

మొదటిది, పిల్లలకు కథ పూర్తిగా చెప్పండి. మన కాలంలో పెద్దలు చెప్పిందే వేదం. నేటి పిల్లల చేతిలో ఫోను ఉంది. మీరు చెప్పిన సగానికి మిగతా సగం వాళ్ళు ఐదు నిమిషాల్లో వెతుక్కుంటారు. అప్పుడు వారికి అనుమానం వచ్చేది క్యాట్ స్టీవెన్స్ మీద కాదు, మీ మీద. ఆ తరువాత మీరు నమాజు గురించి, నిజాయితీ గురించి చెప్పిన మాటను కూడా అదే త్రాసులో తూస్తారు. ఒక్క సంగతిలో గెలవడం కోసం అన్ని సంగతుల్లో నమ్మకం పోగొట్టుకోవడం వివేకమేనా? సత్యం చెప్పడానికి షరతులు లేవు.

రెండవది, వద్దనేటప్పుడు ఏది కావాలో కూడా చూపించండి. మీ మనసుకు వాద్యం వద్దనిపిస్తే వద్దనండి, అది మీ హక్కు. కానీ ఆ పిల్లవాడికి అల్లాహ్ ఇచ్చిన చెవి, స్వరజ్ఞానం ఉన్నాయే, వాటిని ఎటు మళ్ళిస్తారు? ఖిరాత్ నేర్పుతారా? నాత్ పాడిస్తారా? తెలుగులో ప్రవక్త (స) జీవితం, సహాబాల గాథలు పసిపిల్లలు కూర్చుని వినేలా రికార్డు చేయడం నేర్పిస్తారా? 1995 నాటి ఆ పని ఇప్పుడు తెలుగులో ఎంత చక్కగా జరుగుతున్నదో, ఎవరి ఇంట్లో వారే లెక్క చూసుకోవాలి. మీ పాప నిద్రపోయే ముందు తెలుగులో వినే మంచి కథలు ఎన్ని ఉన్నాయి? ధ్వని ముద్రణ, సంకలనం, ఉచ్చారణ, రచన, వీటన్నిటికీ చేతులు కావాలి. ఆ చేతులు మూల గదుల్లో అలిగి కూర్చున్నాయి.

మూడవది, ఇతరుల నిర్ణయాన్ని మన వాదానికి కర్రగా వాడకండి. "అంతటివాడే వదిలేశాడు" అని పిల్లవాడి నెత్తిన కొట్టడానికి ఆయన వదలలేదు. "అంతటివాడే తిరిగి వచ్చాడు" అని తండ్రి నోరు మూయించడానికి ఆయన తిరిగీ రాలేదు. ఆయన జీవితం నుంచి మనం నేర్చుకోవలసినది వదలడమో, పట్టడమో కాదు. చేతిలో ఏదున్నా దాన్ని ఎవరి కోసం వాడుతున్నాం అన్న ప్రశ్న. గిటారు అమ్మినా పేదలకు చేరింది. గొంతు విప్పినా అనాథలకు అందింది. పేరు వాడినా కొత్త గాయకుడికి దారి దొరికింది.

ఆ ఇంటికి మేము మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నాము. కీబోర్డు తిరిగి రాదు, రావాలో వద్దో చెప్పవలసినదీ మేము కాదు. కానీ ఆ అబ్బాయి ప్రశ్న న్యాయమైనదని వాడి ముఖం మీద చెప్పాలి. తండ్రి పక్కన కూర్చుని, "భాయ్, వాడు మనల్ని ఎదిరించలేదు, నిజం అడిగాడు" అని అనాలి. తండ్రీ కొడుకులు ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని ఆ సంగతి మాట్లాడుకోగలిగితే, సగం సమస్య అక్కడే తీరుతుంది. మిగతా సగానికి పండితులున్నారు, గ్రంథాలున్నాయి, అన్నిటికన్నా మించి మార్గం చూపే ప్రభువు ఉన్నాడు.

మన మాటల్లో సత్యాన్ని, మన పిల్లల చేతుల్లో మేలును ఆయన ప్రసాదించుగాక! ఆమీన్.